పదకొండూ పందొమ్మిదికి ఆరిన నిప్పు

"తలుపు మూసి ఉందా, తీసి ఉందా? బాగా గుర్తు చేసుకుని చెప్పండి యాకూబ్ భాయ్."

కిరణ్మయి ఆ ప్రశ్న అడగడం అది మూడోసారి. యాకూబ్ చేతిలో తాళాల గుత్తి గలగలమంటోంది.

"జానెడు తీసి ఉండె మేడం. పదకొండూ యాభైకి నేను పోయిన. తలుపు జానెడు తీసి ఉండె. లోపల ఆపా నేల మీద పడి ఉన్నది. పోలీసోళ్లకి గూడ ఇదే చెప్పిన. రాసుకున్నరు. మల్ల ఎవ్వరు అడగలే."

"ఈ మాట కోర్టులో కూడా చెప్తారా?"

"ఖురాన్ మీద చెయ్యి పెట్టి చెప్త."

ఊరి శివారున ట్రుగనీనాలో గిడ్డంగుల వరసలో చివరి షెడ్డు అది. బోర్డు మీద 'ఆఫ్రికన్ మెమరీ హౌస్' అని ఉంటుంది. ఆఫ్రికా నుంచి వచ్చిన కుటుంబాలు తమ డోళ్లు, ముసుగులు, పెళ్లి బట్టలు, పాత ఫోటోలు తెచ్చి పెట్టుకున్న మ్యూజియం. అన్నిటికంటే విలువైనవి అక్కడి గొంతులు. మూడు వందల పన్నెండు మంది ముసలివాళ్లు తమ కథలు తమ భాషల్లో చెప్పగా రికార్డు చేసి దాచారు. ఆ పని మొదలుపెట్టిన మనిషి అల్మాజ్. యాకూబ్ ఆమెను 'ఆపా', అంటే అక్క, అని పిలిచేవాడు. ఇథియోపియా ఆడపడుచు, డెబ్భై ఒక్కేళ్లు. సోమవారం పొద్దున అదే షెడ్డులోని రికార్డింగ్ బూత్‌లో చనిపోయింది. ఇవాళ గురువారం.

యాకూబ్ అక్కడ కాపలాదారు. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేటలో పుట్టినవాడు. నిజాం కొలువుకు ఆఫ్రికా నుంచి వచ్చిన గుర్రపు సైనికుడి మనవడు. తాత ఫోటో కూడా ఈ మ్యూజియం గోడ మీదే ఉంది. రెండేళ్ల కిందట ఒక ఇండియన్ షాపులో నల్లగా, ఆరడుగుల ఎత్తున్న మనిషి "గోంగూర తాజాదేనా అన్నా?" అని అడగడం విని కిరణ్మయి వెనక్కి తిరిగింది. ఆ పరిచయంతోనే మంగళవారం ఆయన ఫోన్ చేశాడు. "ఆపా ఊర్కెనే సావలే బేటీ" అన్నాడు. అంతే.

కాకినాడ ఎరువుల కర్మాగారంలో పదేళ్లు, ఈ దేశంలో మరో ఆరేళ్లు కిరణ్మయి గ్యాస్ సేఫ్టీ ఇంజినీరు. ఇప్పుడు సొంతంగా ప్రమాదాల మీద పరిశోధన చేస్తోంది. మనిషి ఎలా పడిపోయాడో చూసి గాలిలో ఏముందో చెప్పగలదని పేరు.

"సోమవారం ఇక్కడ ఎవరెవరున్నారు?"

"సోమవారం బంద్ ఉంటది మేడం. ముగ్గురమే. నేను, ఆపా, ప్రొఫెసర్ సాబ్. పది నలభై నుంచి నేను వెనక దిక్కు వ్యాన్‌ల నుంచి పెట్టెలు దించుతున్న. పదకొండూ నలభై అయిదుకి అయిపోయింది. చాయ్ తాగుదమని ఆపాని పిలవనీకి పోయిన."

"ప్రొఫెసర్ ఎక్కడున్నారు?"

"ముంగట ఆఫీసుల, కంప్యూటర్ కాడ. నేను మొత్తుకుంటే ఉరికొచ్చిండు."

ప్రొఫెసర్ అంటే బెర్హాను. అల్మాజ్ దేశంవాడే. ఏడు నెలల కిందట పెర్త్ నుంచి వచ్చి మ్యూజియంలో చేరాడు. పాత కొయ్య బొమ్మలకు పురుగు పట్టకుండా మందు పెట్టడం ఆయన పని. ఎవరితోనైనా ఇంగ్లీషే మాట్లాడతాడు. ఈ ఇంటికి అన్ని దేశాలవాళ్లూ వస్తారు, ఒక్క భాషే మర్యాద అంటాడు.

కిరణ్మయి టైము చూసుకుంది. రెండూ అయిదు. నాలుగింటికి బూత్ విప్పి పట్టుకుపోవడానికి మనుషులు వస్తున్నారు. ఆ ఏర్పాటు బీమా కంపెనీ పరిశోధకుడు విష్ణువర్ధన్ చేసింది.

"బూత్ తెరవండి."

దళసరి తలుపు బరువుగా తెరుచుకుంది. లోపల అడుగుపెట్టగానే బయటి శబ్దాలన్నీ తెగిపోయాయి. తన ఊపిరి తనకే వినబడింది. తలుపుకు కాలు అడ్డం పెట్టుకుంది.

లోపల ఒక మైకు, హెడ్‌ఫోన్లు, జానెడున్నర ఎత్తు పీట, పక్కన నేల మీద మట్టి కుంపటి. అల్మాజ్ తమ ఆచారం ప్రకారం కుంపట్లో సాంబ్రాణి వేసి, కాఫీ పెట్టుకుని, అప్పుడే కథ మొదలుపెట్టేదిట. మూసిన గదిలో బొగ్గులు రాజేసి ఆ పొగకే చనిపోయిందని విష్ణువర్ధన్ తేల్చాడు. అదే ఖాయమైతే నిర్లక్ష్యం కింద మ్యూజియానికి తాళం పడుతుంది.

కిరణ్మయి పీట మీద కూర్చుంది. ఆ ఎత్తులో అల్మాజ్ ముక్కు నేలకు మూడున్నర అడుగుల లోపే ఉండి ఉంటుంది. పట్టకారుతో ఒక బొగ్గు తీసి విరిచింది. అంచులు మాత్రం తెల్లగా బూడిద పట్టి ఉన్నాయి. లోపల నల్లగా పచ్చి బొగ్గు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. పైన సాంబ్రాణి పలుకులు సగం కరిగి ఆగిపోయాయి.

"నీళ్లేమైనా చల్లారా దీనిమీద?"

"లేదు మేడం. ఎవ్వరు ముట్టలే."

నీళ్లు పోయలేదు, కాలి ఆరిపోలేదు. మరి నిప్పు మధ్యలో ఎందుకు చచ్చిపోయింది?

ఆమె మోకాళ్ల మీద పాకుతూ గోడ అడుగంతా తడిమింది. మైకు తీగ బయటికి పోయే రంధ్రం దొరికింది. దాన్ని మూసిన మెత్తటి స్పాంజి మీద బొటనవేలంత మందాన గుండ్రటి అచ్చు. ఏదో గొట్టం గట్టిగా గుచ్చి తీసిన గుర్తు.

"ఈ గోడకి అవతల ఏముంది?"

"మందు గది. ప్రొఫెసర్ సాబ్‌ది."

ఆ గదిలో ప్లాస్టిక్ గుడారం, అందులో పురుగు తొలిచిన కొయ్య ముసుగులు, పక్కన కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, నల్లటి రబ్బరు గొట్టం. గుడారంలోకి రోజుల తరబడి సన్నగా గ్యాస్ వదిలితే పురుగులు ఊపిరాడక చస్తాయి. కిరణ్మయి గొట్టం కొన కొలిచింది. స్పాంజి మీది అచ్చుకు సరిపోయింది. సిలిండరు కింద వేసిన అట్ట మీద పళ్లెమంత నీటి మరక ఆరి ముడతలు పడి ఉంది.

సన్నగా వదిలే గ్యాస్‌కు సిలిండరు తల మీద మంచు పట్టదు. ఎవరో ఒక్కసారిగా పూర్తిగా తిప్పితేనే పడుతుంది. తరవాత ఆ మంచు కరిగి కారుతుంది.

"బావున్నాయా కొయ్య బొమ్మలు, కిరణ్మయిగారూ?"

గుమ్మంలో విష్ణువర్ధన్. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో ట్యాబు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే ఆఫీసులో పనిచేశారు.

"నాలుగింటికి టీమ్ వస్తోంది. మీరు ఎవిడెన్స్ డిస్టర్బ్ చేశారని నా రిపోర్టులో రాయాల్సొస్తుంది."

"రాయండి. బొగ్గులు విరిచి చూశారా మీరు?"

"చూడ్డానికేముందండీ? క్లోజ్డ్ బూత్, బర్నింగ్ చార్‌కోల్. ట్రైనీని అడిగినా చెప్తాడు."

"అయితే తలుపు జానెడు ఎందుకు తెరిచి ఉంది?"

"ఊపిరాడక లాస్ట్ మినిట్‌లో తనే తోసుకుని ఉంటుంది. అదీ ఈ యాకూబ్ చెప్తున్న మాటే కదా. ఆయనా ఇక్కడే ఉన్నాడు ఆ టైముకి. ఆ యాంగిల్ మీకెందుకు తట్టలేదో?"

యాకూబ్ తల దించుకున్నాడు. కిరణ్మయికి ఒళ్లు మండింది. కానీ ఆ ప్రశ్నలో తప్పు లేదు. దాన్ని తనే ముందు అడిగి ఉండాల్సింది.

"రికార్డర్ ఎక్కడుంది?" అంది.

"వేస్ట్. కార్డు ఖాళీ. ఆవిడ ఆన్ చెయ్యనేలేదు."

రికార్డరు గోడకు ఇవతల, మైకు తీగ వచ్చే చోట, బల్ల మీద ఉంది. పుస్తకమంత పెట్టె. కిరణ్మయి దాన్ని తిరగేసింది. బ్యాటరీల మూత ఊడదీసి గోరుతో లోపల గీరింది. చిటికెన వేలి గోరంత కార్డు ఒకటి జారి అరచేతిలో పడింది.

"ఇలాంటి మెషీన్లు రెండు కార్డుల మీద ఒకేసారి రాస్తాయి విష్ణూ. ఒకటి పాడైతే రెండోది ఉంటుందని. పైకి కనబడేది ఎవరో తుడిచేశారు. ఇది ఉందని వాళ్లకి తెలీదు. మీకూ తెలీదు."

విష్ణువర్ధన్ ట్యాబు పక్కన పెట్టాడు.

లాప్‌టాప్‌లో పెడితే ఒకే ఒక ఫైలు. సోమవారం పదకొండూ రెండుకు మొదలు, పదకొండూ నలభైకి ఆఖరు. కిరణ్మయి ప్లే నొక్కింది.

మొదట మగగొంతు. మైకు పరీక్ష చేస్తున్నట్టు నాలుగు మాటలు, నాలుగూ అంకెల్లా ఉన్నాయి, ఇంగ్లీషు కాదు. నాలుగో మాట తరవాత చిన్న విరామం. ఆ తరవాత నలభై సెకన్లు అల్మాజ్ ఊపిరి తప్ప ఏమీ లేదు. అప్పుడు మొదలుపెట్టింది. ముగ్గురికీ రాని భాష. వెనక బొగ్గులు చిటపటలాడుతున్నాయి. ఆమె గొంతు మొదట నెమ్మదిగా ఉంది. పోనుపోను బిగుసుకుంది.

"ఇక్కడ వినండి. పదకొండూ పన్నెండు."

కుక్కర్ కూత పెట్టబోయే ముందు వచ్చే సన్నటి చప్పుడు. అది ఆగడం లేదు. పదకొండూ పందొమ్మిదికి బొగ్గుల చిటపట ఠక్కున ఆగిపోయింది.

"ఆ గ్యాస్ గాలికంటే బరువు. నేల మీంచి నీళ్లలా పైకి నిండుతుంది. ముందు కుంపటి మునిగింది. తరవాత ఆవిడ."

అల్మాజ్ రొప్పడం మొదలైంది. పరుగెత్తి వచ్చిన మనిషిలా, ఊపిరి మీద ఊపిరి. మధ్యలో ఒకే మాట, 'దిమ్త్సు'. మళ్లీ 'దిమ్త్సు'. నాలుగుసార్లు.

"బొగ్గు పొగకి మనిషి మత్తుగా నిద్రలోకి జారిపోతాడు. ఇలా రొప్పడు," అంది కిరణ్మయి.

పదకొండూ ఇరవై ఒకటికి పీట దొర్లిన చప్పుడు. తరవాత మనిషి శబ్దం లేదు. సన్నటి చప్పుడు మాత్రం మరో మూడు నిమిషాలు సాగి ఆగిపోయింది. యాకూబ్ గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

కిరణ్మయి ముందుకు జరిపింది. పదకొండూ ముప్ఫై ఎనిమిది. తలుపు తెరిచిన చప్పుడు. అడుగులు. తొందరలేని అడుగులు. పదకొండూ నలభైకి టక్ మని రికార్డరు ఆగింది.

"ఆవిడ పడిపోయిన పదిహేడు నిమిషాలకి తలుపు తెరుచుకుంది. తనే తోసుకుందా విష్ణూ? గ్యాస్ బయటికి పోవాలని ఎవరో తెరిచారు."

విష్ణువర్ధన్ నుదురు తుడుచుకున్నాడు. "సరే. ఎవరో ఉన్నారు. కానీ ఆవిడ ఏం చెప్పిందో తెలీకుండా ఏమీ అనలేం. ప్రొఫెసర్‌ని పిలుద్దాం. ఆయన భాషే కదా."

"ఆయనే అయితే?"

"ఆ పెద్దాయనా? కర్ర లేకుండా నడవలేడు. మోటివ్ ఏవిటండీ?"

కిరణ్మయి ఒక్క క్షణం ఆలోచించింది. "పిలవండి. నేను ఒక్క నిమిషం ముక్క మాత్రం వినిపిస్తాను. ఏం చెప్తారో చూద్దాం. ఈలోగా ఫైలు మొత్తం హన్నాకి పంపిస్తున్నా. అల్మాజ్ మనవరాలు, ఇంట్లో ఆ భాషే. ఈ సంగతి మాత్రం బయటికి పొక్కకూడదు."

"నాకు చెప్పాలా?" అంటూ విష్ణువర్ధన్ వెళ్లాడు. ఆమె ఫైలు పంపి, పోలీసు సార్జంటుకు ఫోన్ చేసింది. ముప్పావు గంటలో వస్తామన్నారు.

బెర్హాను వచ్చాడు. డెబ్భై దాటిన సన్నటి మనిషి, తెల్లటి గడ్డం, ఊతకర్ర. అల్మాజ్ పడిపోయే ముందరి నిమిషం ముక్క కిరణ్మయి వినిపించింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"పాపం," అన్నాడు ఇంగ్లీషులో. "గుండెలో నొప్పి అంటోంది. దేవుణ్ణి తలుచుకుంటోంది."

"ఆ దిమ్త్సు అన్న మాట?"

"నొప్పి. నొప్పి, నొప్పి అంటోంది."

"నిమిషంపాటు ఆ ఒక్క సంగతే చెప్పారా?"

"చావుబతుకుల్లో ఉన్న మనిషి ఇంకేం చెబుతుందమ్మా?"

ఆయన కళ్లు తెరిచి ఆమెను చూశాడు. ఆ చూపులో కోపం లేదు, భయం లేదు. ఖాళీ అని అందరూ నమ్మిన మెషీన్‌లోంచి చనిపోయిన మనిషి గొంతు వస్తే, ఎవరైనా మొదట అడిగేది 'ఇదెక్కడిది' అని. ఆయన అడగలేదు.

"నా మాత్రలు కార్లో ఉన్నాయి. తెచ్చుకుంటాను," అని ఆయన లేచాడు.

ఆపడానికి చేతిలో ఏ అధికారమూ లేదు. విష్ణువర్ధన్ ఆయన మోచెయ్యి పట్టుకుని మర్యాదగా బయటిదాకా తీసుకువెళ్లాడు. అప్పుడు టైము రెండూ నలభై ఆరు.

కిరణ్మయి వెంటనే బూత్‌కు తాళం వేయించింది. కార్డును కవర్లో పెట్టి సీలు చేసి యాకూబ్ చేత సంతకం పెట్టించింది. స్పాంజికి, అట్టకు, గొట్టానికి ఫోటోలు తీసింది. హన్నాకు రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. క్లాసులో ఉందేమో అనుకుంది.

మూడూ పన్నెండుకు ఫోన్ మోగింది. హన్నా.

"ఆంటీ..." గుసగుస. ఏడుపు ఆపుకుంటున్న గొంతు. "విన్నాను. ఇప్పుడే అయింది. మొదట్లో లెక్కపెట్టేది ఎవరు?"

"మీ అమ్మమ్మ ఏం చెప్పిందో చెప్పమ్మా."

హన్నా ఇంగ్లీషులో, ముక్కలు ముక్కలుగా చెప్పింది. "అమ్మమ్మ ఏమందంటే... జైల్లో మా కళ్లకి గంతలు ఉండేవి. రోజూ పొద్దున ఒకడు వచ్చి మమ్మల్ని లెక్కపెట్టేవాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు దగ్గర ఆగేవాడు. ఆగిన చోట ఉన్న మనిషిని తీసుకుపోయేవాళ్లు, మళ్లీ తేలేదు. మా చెల్లి నాలుగో మనిషి అయిన రోజు నేను మూడో మనిషిని. వాడి ముఖం నేనెప్పుడూ చూడలేదు. నలభై ఏళ్లు పైన ఆ గొంతు కోసం చెవులు పెట్టుకుని బతికాను. ఇప్పుడే విన్నాను. ఈ గది బయట మైకు సరిచూస్తూ లెక్కపెట్టాడు. ఏడు నెలలుగా నాతో ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు, అందుకే తెలియలేదు. అతని గొంతు. అతని గొంతు."

"దిమ్త్సు అంటే..."

"అతని గొంతు అని, ఆంటీ."

అల్మాజ్ ఆ మాటలంటున్నప్పుడు అతను గోడకు అవతల హెడ్‌ఫోన్లు పెట్టుకుని ప్రతి అక్షరం వింటున్నాడు. కిరణ్మయి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"హన్నా, ఎక్కడున్నావు నువ్వు?"

ఫోన్‌లో వాహనాల హోరు.

"హన్నా?"

"ప్రొఫెసర్ గారి కార్లో." "యూనివర్సిటీ గేటు దగ్గరికొచ్చారు. మీరు వెంటనే రమ్మన్నారని చెప్పారు. పెట్రోల్ బంకు దగ్గర ఆపి నీళ్లు కొంటానని లోపలికెళ్లారు. చాలావరకు ముందే విన్నాను, చివరి ముక్క ఆ సందులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను."

"దిగు. ఈ క్షణమే దిగి జనం ఉన్న వైపు పరుగెత్తు."

గడగడమని పిడి లాగుతున్న చప్పుడు. ఒకసారి, రెండుసార్లు.

"తెరుచుకోవట్లేదు. ముందు సీట్లో పెట్టె ఉందని వెనక కూర్చోమన్నారు. పిల్లల లాక్ వేసి ఉంది."

"ముందుకి దూకు. హారన్ కొట్టు."

"వచ్చేస్తున్నారు."

కారు తలుపు తెరుచుకుంది. మరుక్షణం హన్నా గొంతు ఒక్కసారిగా మారిపోయింది. హుషారుగా, బిగ్గరగా, "ఓకే ఆంటీ, దారిలోనే ఉన్నాం. కాసేపట్లో వచ్చేస్తాం!" అంది. మగగొంతు నెమ్మదిగా ఏదో అడిగింది. ఈసారి ఇంగ్లీషు కాదు. హన్నా ఒక్క మాటలో బదులిచ్చింది. ఫోన్ తెగిపోయింది.

కిరణ్మయి ముందు గదిలోకి పరుగెత్తింది. విష్ణువర్ధన్ రిపోర్టు టైపు చేస్తున్నవాడు తలెత్తాడు.

"హన్నాకి పంపానని బెర్హానుకి ఎవరు చెప్పారు?"

అతని ముఖంలో రక్తం ఇంకిపోయింది. "పెద్దాయన కంగారుపడుతున్నాడని... హన్నా కూడా విని కన్ఫర్మ్ చేస్తుంది, వర్రీ అవ్వద్దన్నాను. ఆ అమ్మాయి ఎక్కడ చదువుతోందని అడిగితే..."

"చెప్పారు."

"నేనే చెప్పాను," అన్నాడతను.

ఆమె అప్పటికే పోలీసులకు డయల్ చేస్తోంది. కారు రంగు, పెట్రోల్ బంకు, అమ్మాయి పేరు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. వెనక నుంచి యాకూబ్ రొప్పుతూ వచ్చాడు. ఆయన ఫోన్‌లో మ్యాపు తెరిచి ఉంది.

"ఆపా పోయిన దినం బిడ్డకి చెప్పిన, నువ్వు ఏడికి పోయినా నాకు కనబడాలె అని. అప్పుడే ఇది పెట్టిచ్చుకున్న. సూడుండ్రి మేడం."

మ్యాపు మీద నీలం చుక్క కదులుతోంది. దాని ముందు అదే రోడ్డు మీద ఒక మలుపు, ట్రుగనీనాకు, మ్యూజియానికి రావలసిన మలుపు. ముగ్గురూ దాన్నే చూశారు.

విష్ణువర్ధన్ కారు తాళాలు తీసి కిరణ్మయి చేతిలో పెట్టాడు.

చుక్క మలుపు దగ్గరికి వచ్చింది. తిరగలేదు. వేగం పెంచి, ఊరు దాటి పోయే గీలాంగ్ రోడ్డు మీదికి ఎక్కింది.